బాక్సు వచ్చిన దారి

తెలుగు సినిమా వ్యాపారంలో నైజాం ఇంకా బతికే ఉంది. 1948లో నిజాం నవాబు పాలన పోయింది, 1956 నవంబరు 1న హైదరాబాదు రాష్ట్రమే మూడు ముక్కలైంది. అయినా కొత్త సినిమా వస్తే నైజాం హక్కులు ఎంతకి పోయాయన్నదే ఇప్పటికీ మొదటి ప్రశ్న. సీడెడ్ సంగతి ఇంకా పాతది. 1800లో నిజాం కుంఫిణీకి రాసిచ్చేసిన బళ్ళారి, అనంతపురం, కడప, కర్నూలు ప్రాంతాల పేరది. ఆ కాగితం మీద సంతకాలు పెట్టినవాళ్ళు మట్టిలో కలిసి రెండు శతాబ్దాలు దాటినా, డిస్ట్రిబ్యూటరు ఆఫీసులో గుమాస్తా ఆ కాగితం ప్రకారమే లెక్క రాస్తాడు.

మా కవితాళ ఈ రెండు ఏరియాల మధ్య తుంగభద్రకి ఇవతల, నైజాం పక్కన పడింది. సర్కారు లెక్కలో రాయచూరు జిల్లా మైసూరు రాష్ట్రంలో కలిసింది. అప్పటిదాకా ఆ జిల్లాలోనే ఉన్న గద్వాల, ఆలంపురం తాలూకాలు తెగి ఆంధ్రప్రదేశ్‌కి వెళ్ళాయి. సినిమా లెక్కలో మాత్రం చాలాకాలం ఏమీ తెగలేదు. తెలుగు సినిమా బాక్సు హైదరాబాదు ఆఫీసు నుంచే బయల్దేరేది. మహబూబ్‌నగర్ మీదుగా వచ్చి, దేవసూగూరు దగ్గర నిజాం కాలపు రాతి వంతెన మీద కృష్ణ దాటి, రాయచూరు చేరేది. అక్కడ ఆడినన్నాళ్ళు ఆడి, పాతబడ్డాక మాన్వికో సింధనూరుకో వెళ్ళి, చివరికి బస్సు టాపు మీద మా ఊరు వచ్చేది. అప్పటికి ప్రింటు మీద వాన కురుస్తున్నట్టు గీతలుండేవి.

నేను టూరింగ్ టాకీసులో ఆపరేటరుగా పనిచేసినవాణ్ణి. అందుకే నాకు చరిత్రంటే రాజులు గుర్తుకురారు, బాక్సులు గుర్తుకొస్తాయి. ఏ బాక్సు ఎక్కడినుంచి వచ్చింది, దాంతో ఎవడొచ్చాడు, ఎవడి డబ్బు ఎవడికి పోయింది అన్నది పట్టుకుంటే మా ప్రాంతం సంగతి చాలామట్టుకు తెలిసిపోతుంది. ఈ దారి గురించి రాయాలన్న బుద్ధి పుట్టింది 'ఊపిరి' సినిమా చూశాక. ఫ్రాన్సులో పుట్టిన కథ తెలుగులోకి వచ్చి, కన్నడ జిల్లాలో ఆడింది. దాని వెనక ఉన్న దారి మామూలుది కాదు.

ముందు మేం ఇక్కడికెలా వచ్చామో చెప్పాలి. తుంగభద్ర ఆనకట్ట పని 1945లో మొదలైంది, 1953లో కాలువలకి నీళ్ళు వదిలారు. ఎడమ కాలువ పొడవు 227 కిలోమీటర్లు. గంగావతి, సింధనూరు, మాన్వి తాలూకాల నల్లరేగడి మీదికి నీరు వచ్చింది. జొన్న, పత్తి, వేరుశనగ తప్ప ఎరగని నేలకి వరి నేర్పడానికి కృష్ణా, గోదావరి, గుంటూరు జిల్లాల నుంచి రైతులు దిగారు. అక్కడ ఎకరం అమ్ముకున్నవాడికి ఇక్కడ చేతినిండా పొలం వచ్చేది. మా నాన్న దివి సీమ నుంచి అలా వచ్చినవాడే. రెండు జతల ఎడ్లు, వంట సామాను, మా అమ్మ పట్టుబట్టి తెచ్చుకున్న రోలు, ఇంతే ఆస్తి. వచ్చినవాళ్ళు పొలాల్లోనే పాకలు వేసుకున్నారు. వాటిని క్యాంపులన్నారు. మిద్దెలు లేచాక కూడా క్యాంపులనే అంటున్నారు. కవితాళ వాళ్ళకి మేం ఆంధ్రావాళ్ళం, దివిలో ఉన్న చుట్టాలకి కర్ణాటక వాళ్ళం.

ఒక సంగతి నిజాయితీగా చెప్పుకోవాలి. కాలువ చివర ఉన్న మాన్వి, సిరివార రైతులకి నీళ్ళు అందవన్న గొడవ ఇవాళ్టిది కాదు. పైన క్యాంపులవాళ్ళు వరి వేస్తే కింద పైరు ఎండేది. పగలు తూము దగ్గర కర్రలెత్తుకున్న రెండు వర్గాలూ రాత్రి ఒకే డేరాలో కూర్చుని సినిమా చూసేవి. నేను కేబిన్ కంతలోంచి చూస్తూ ఉండేవాణ్ణి. వెనక బెంచీల్లో మావాళ్ళు, నేల మీద వాళ్ళు. అది కులం వల్లా కాదు, భాష వల్లా కాదు, చేతిలో ఉన్న చిల్లర వల్ల.

డేరా అంటే ఊరి బయట కోసిన జొన్నచేను. నాలుగు పక్కలా తడికలు, పైన గుడ్డ, ముందు తెర, వెనక రేకుల కేబిన్. కొన్ని నెలలకి లైసెన్సు, అది అయిపోతే మరో ఊరు. ఆట మొదలయ్యేముందు గొట్టం మైకులో ఘంటసాల పాడిన 'నమో వెంకటేశ' రికార్డు వేసేవాళ్ళం. కన్నడ సినిమాకైనా ఆ పాటే. అది విని పొలాల్లోంచి లాంతర్లు కదిలేవి. బయట మండక్కి, మిర్చి, గోళీసోడా. ఆడవాళ్ళ వైపు గుడ్డ పరదా.

నా పని వెలుతురుతో. మా డేరాకి ఒక్కటే ప్రొజెక్టరు. రెండుంటే ఒకటి అయిపోతుండగా రెండోది అందుకుంటుంది, ప్రేక్షకుడికి తెలియదు. ఒక్కటే ఉన్నచోట రీలు అయిపోగానే ఆట ఆగాల్సిందే. వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలు. రెండు రీళ్ళు కలిపి ఒక స్పూలుకి ఎక్కిస్తే ఇరవై రెండు. ఆ ఇరవై రెండు నిమిషాలూ కళ్ళు రెండు కర్రల మీద ఉండాలి. రాగి పూత పూసిన కార్బన్ కడ్డీలు, ఒకటి ప్లస్సు, ఒకటి మైనస్సు. వాటి మొనలు దగ్గరికి తెస్తే మధ్యలో నిప్పు లేచి కళ్ళు పోయేంత తెల్లటి వెలుతురు పుడుతుంది. కడ్డీలు కాలుతూ దూరమైపోతుంటాయి. చేత్తో పిడి తిప్పుతూ దగ్గరికి జరుపుతూ ఉండాలి. ఒక్క నిమిషం ఏమరితే తెర పసుపెక్కుతుంది, ఇంకాస్త ఏమరితే చీకటి, ఆపైన మా అమ్మా నాన్నల ప్రస్తావన. ఫిల్ము తెగి గేటులో ఇరుక్కుందంటే ఆ వేడికి బొమ్మ తెర మీదే బుడగలెత్తి కాలిపోయేది. హీరోయిన్ బుగ్గ మీద గోధుమరంగు చిల్లు పడి పెద్దదవుతుంటే జనం 'అయ్యయ్యో' అనేవాళ్ళు. నేను కాలిన ముక్క కత్తిరించి, రెండు కొసలూ బ్లేడుతో గీకి, సిమెంటు రాసి, గుండెల్లో వంద లెక్కపెట్టుకుని మళ్ళీ ఎక్కించేవాణ్ణి. అలా ప్రతి ఊళ్ళో కాస్త కాస్త కాలి, మా దగ్గరికి వచ్చేసరికి సినిమా కొంత పొట్టిదై ఉండేది. పొట్టి చేసే పని మేనేజర్లు కూడా చేసేవాళ్ళు. దాని సంగతి తర్వాత.

బాక్సుతో పాటు డిస్ట్రిబ్యూటరు మనిషి వచ్చేవాడు. రిప్రజెంటేటివ్. టికెట్ల పుస్తకాల నంబర్లు ఆట ముందు రాసుకుని, ఆట అయ్యాక మళ్ళీ చూసి, డి.సి.ఆర్. అనే రోజువారీ వసూళ్ళ కాగితం నింపేవాడు. నేల ఎన్ని, బెంచీ ఎన్ని, కుర్చీ ఎన్ని. అతను పడుకున్నాక గోడ దూకి వచ్చిన వాళ్ళు ఎందరన్నది వేరే లెక్క. అది మా లెక్క.

భాష గొడవ డేరాలో ఎప్పుడూ రాలేదు. రాయచూరు సీమలో సంతకి పోయినవాడికి కన్నడం, తెలుగు, ఉర్దూ మూడూ కొద్దికొద్దిగా వచ్చు. పాత ప్రింట్లలో 1954 నాటి 'బేడర కన్నప్ప', అదే ఏడాది తెలుగులో వచ్చిన 'కాళహస్తి మహత్యం' రెండూ ఆడాయి. రెండింట్లోనూ కన్నప్ప రాజ్‌కుమారే. ఆయన నటించిన ఒకే ఒక్క తెలుగు సినిమా అది. మా నేల టికెట్టువాళ్ళు ఒక వారం కన్నడంలో ఏడ్చి, మరో వారం తెలుగులో ఏడ్చారు. అదే కన్ను, అదే శివలింగం.

అసలు తెలుగు సినిమాకి ఇక్కడ బలం వచ్చింది కర్ణాటకలో డబ్బింగు ఆగిపోవడం వల్ల. 1960లలో కన్నడ పరిశ్రమ డబ్బింగు సినిమాల మీద ఉద్యమం చేసింది. రాజ్‌కుమార్ కూడా ముందు నిలబడ్డాడు. చట్టమేమీ లేదు, కట్టుబాటు అంతే. అది యాభై ఏళ్ళకి పైగా నిలిచింది. ఇతర భాషల సినిమా కన్నడంలో మాట్లాడకూడదు కాబట్టి తన భాషలోనే వచ్చేది. కన్నడాన్ని కాపాడాలని చేసిన పని రాయచూరు జిల్లాలో తెలుగు నేర్పే బడి అయింది. దీనికి ఎవరూ నన్ను తిట్టకూడదు, నేను కేబిన్‌లోంచి చూసింది చెబుతున్నాను. తెలుగు అక్షరం రాని కుర్రాళ్ళు ఎన్టీఆర్ డైలాగు ఒత్తులతో సహా అప్పజెప్పేవాళ్ళు. 2015లో కాంపిటీషన్ కమిషన్ ఈ కట్టుబాటు చెల్లదంది. 2017 మార్చిలో 'సత్యదేవ్ ఐపిఎస్' పేరుతో అజిత్ సినిమా కన్నడంలో మాట్లాడాక పాత ఆనకట్ట తెగింది. 'ఊపిరి' వచ్చింది దానికి ఏడాది ముందు, 2016 మార్చి 25న. కాబట్టి ఆ ఫ్రెంచి కథ మా జిల్లాకి తెలుగులోనే చేరింది.

ఫ్రెంచివాళ్ళతో మన సంబంధం కథతో మొదలవలేదు, మిషనుతో మొదలైంది. 1896 జూలై 7న బొంబాయి వాట్సన్ హోటల్లో లుమియేర్ సోదరుల బొమ్మలు కదిలాయి. అది అందరూ చెప్పే మాట. ఆపరేటరుగా నాకు ముఖ్యమైనది మరొకటి. లియోఁ గోమోఁ అనే ఫ్రెంచి వ్యాపారి 1895లో పెట్టిన కంపెనీ క్రోనోమెగాఫోన్ అనే యంత్రం తయారుచేసింది. ఒక పక్క బొమ్మ తిరుగుతుంటే, మరో పక్క గ్రామఫోను పళ్ళెం దానికి జతగా తిరిగేది. ఒత్తిడి గాలితో ఆ ధ్వనిని హాలంతా వినపడేలా పెంచేవాళ్ళు. పళ్ళెం ఎంతసేపు తిరిగితే అంతే సినిమా, కొద్ది నిమిషాలు. ఆ కంపెనీ తొలి మాట్లాడే బొమ్మలు చాలావాటిని తీసింది ఆలిస్ గీ అనే ఆవిడ. గోమోఁ దగ్గర సెక్రటరీగా చేరి డైరెక్టరైంది.

మచిలీపట్నంలో పుట్టి మద్రాసులో ఫోటో స్టూడియో నడుపుకుంటున్న రఘుపతి వెంకయ్య 1910 ప్రాంతంలో ఆ యంత్రం కొన్నాడు. ధర 30,000 రూపాయలని చెబుతారు. ఆ రోజుల్లో అది స్టూడియో తాకట్టు పెట్టే మొత్తం. దాన్ని పట్టుకుని డేరా వేసుకుంటూ ఆంధ్రదేశం, సిలోన్, బర్మా తిరిగాడు. తర్వాత మద్రాసులో గెయిటీ థియేటరు కట్టాడు. కొడుకు ప్రకాష్‌ని సినిమా నేర్చుకోవడానికి విదేశం పంపాడు. 1921లో 'భీష్మ ప్రతిజ్ఞ' ఆ ఇంటినుంచే వచ్చింది. తెలుగు సినిమాకి తండ్రి అని వెంకయ్యని పొగుడుతూ నిర్మాణం గురించే మాట్లాడతారు. నాకు ఆయన మా వాడు. పెట్టె మోసుకుంటూ ఊరూరా డేరా వేసినవాడు. దుమ్ములో ఆ పళ్ళెం, ఆ బొమ్మ జత తప్పకుండా ఆడించడానికి ఎంత అవస్థ పడి ఉంటాడో ఎవరూ రాయలేదు.

డేరా బాధ తెలిసిన ఫ్రెంచివాడు మరొకడున్నాడు. జాక్ తాతి. 1949లో ఆయన తీసిన 'జూర్ ద ఫెత్' వెనిస్‌లో స్క్రీన్‌ప్లేకి బహుమతి తెచ్చుకుంది. పల్లెటూరికి జాతర వస్తుంది, జాతరతో డేరా సినిమా వస్తుంది. ఊరి పోస్టుమాను అందులో అమెరికా పోస్టుమాన్ల హడావుడి చూసి తనూ అలా ఉత్తరాలు పంచాలని సైకిలెక్కుతాడు. మా అబ్బాయి కంప్యూటర్లో చూపించాడు. నవ్వడం అటుంచి, డేరా గుడ్డ ఎత్తి లోపలికి తొంగిచూసే ఆ మనిషి దగ్గర నేను ఆపి మళ్ళీ చూశాను. దాన్ని తాతి రంగుల్లోనే తీశాడు. కానీ ఆ రంగు పద్ధతిలో ప్రింట్లు తీయడం ఎవరికీ చేతకాక నలుపు తెలుపులో విడుదలైంది. రంగు బయటపడ్డది 1995లో. మా బాక్సుల ఆలస్యం దీనిముందు ఏపాటి.

ఇక అసలు సినిమా. 'ఆంతుషాబ్ల్', 2011 నవంబరు. ఒలివియే నకాష్, ఎరిక్ తొలెదానో అనే ఇద్దరు డైరెక్టర్లు. పారాగ్లైడింగ్‌లో పడి మెడ కింద కదలిక పోయిన ధనవంతుడు, అతన్ని చూసుకోవడానికి వచ్చిన మురికివాడ కుర్రాడు. నిజంగా జరిగింది. ఫిలిప్ పోత్సో ది బోర్గో 1993లో పడ్డాడు, అతనికి సేవ చేసిన అబ్దెల్ సెల్లూ అల్జీరియా మనిషి. సినిమాలో ఆ కుర్రాడు నల్లజాతివాడు. ఆ వేషం కట్టిన ఒమర్ సీ 2012లో ఉత్తమ నటుడిగా సెజార్ అందుకున్నాడు. ఆ బహుమతి పొందిన మొదటి నల్లజాతి నటుడు. పోటీలో ఓడినవాడు 'ది ఆర్టిస్ట్' హీరో జాఁ ద్యుజార్దాఁ. రెండు రోజుల తర్వాత అతనే ఆస్కార్ పట్టుకున్నాడు. ఫ్రాన్సులో ఈ సినిమాకి కోటీ 90 లక్షల పైన టికెట్లు తెగాయి. అక్కడ సినిమా గొప్పతనం డబ్బులో చెప్పరు, టికెట్లలో చెబుతారు. ఇది తెలిసి మా రిప్రజెంటేటివులు గుర్తొచ్చారు. ఫ్రాన్సు దేశమంతా ఒక పెద్ద డి.సి.ఆర్. కాగితం అన్నమాట.

నిర్మాతల్లో పాత పేరు గోమోఁ. వెంకయ్య భుజాన తిరిగిన యంత్రం చేసిన అదే కంపెనీ.

మనవాళ్ళు పరదేశం కథలు ఎత్తుకురావడం కొత్త కాదు. ఎత్తుకొచ్చిన కథకి కృతజ్ఞత చెప్పడమే కొత్త. 'ఊపిరి'కి పి.వి.పి. సినిమా వాళ్ళు హక్కులు కొని తీశారు. వంశీ పైడిపల్లి దర్శకుడు, అబ్బూరి రవి మాటలు. చక్రాల కుర్చీలో నాగార్జున, పెరోల్ మీద వచ్చిన శీనుగా కార్తి. తమిళంలో 'తోళా' పేరుతో అదే రోజు వచ్చింది. నాగార్జున లాంటి హీరో సినిమా అంతా కాలూ చెయ్యీ కదపకుండా కూర్చోవడం మా డేరా రోజుల్లో ఊహకందేది కాదు. కేబిన్ మీద రాళ్ళు పడేవి.

నేను రాయచూరులో చూశాను. అప్పటికి బాక్సు రావడం ఆగిపోయింది. సినిమా ఆకాశంలోంచో, అరచేతిలో పట్టే డిస్కులోనో వస్తోంది. గీత లేదు, జాయింటు లేదు, ఆపరేటరు చేయాల్సిందల్లా బటను నొక్కడం. పక్కన కూర్చున్న కన్నడ మేస్టారు కార్తి మాటలకి నాకంటే ముందే నవ్వుతున్నాడు.

ఇక్కడ మేనేజర్ల కత్తెర సంగతి చెప్పాలి. మూడు గంటల సినిమాలు పదహారు, పదిహేడు రీళ్ళుండేవి. రెండో ఆట ఆలస్యమైతే జనరేటరు డీజిలు దండగని మేనేజరు కేబిన్‌కి వచ్చి 'రెండు రీళ్ళు లేపెయ్' అనేవాడు. ఏది లేపాలో వెతుక్కోనక్కర్లేదు. కామెడీ ట్రాకు. రమణారెడ్డి, రేలంగి, తర్వాత పద్మనాభం, రాజబాబు, ఎంత గొప్పవాళ్ళయినా వాళ్ళ గొడవ వేరు, హీరో గొడవ వేరు. రీలు లేపేస్తే జనం విసుక్కునేవాళ్ళు గానీ కథ తెలియలేదని ఎవరూ అనలేదు. 'మాయాబజార్' దగ్గర మాత్రం ఆ పప్పులు ఉడకలేదు. అందులో నవ్వు తీస్తే కథే లేదు. శశిరేఖ వేషంలో ఘటోత్కచుడు నవ్వించడమే కథ.

'ఊపిరి' చూస్తూ పాత అలవాటు కొద్దీ ఎక్కడ కొయ్యొచ్చా అని చూశాను. నవ్వు మొత్తం కుర్చీ చుట్టూనే తిరుగుతుంది. కాళ్ళకి స్పర్శ లేదని నమ్మక పరీక్షించే శీను, అతను గీసిన పిచ్చి బొమ్మని గొప్ప కళాఖండమనుకుని ప్రకాష్‌రాజ్ కొనుక్కోవడం. జాలి పడాల్సినచోట ఆ కుర్రాడు జాలి పడడు, దానికే మనం నవ్వుతాం, దానికే కుర్చీలోని మనిషి బతుకుతాడు. ఆ నవ్వుకి కత్తెర పెడితే ఏడుపు కూడా తెగిపోతుంది. తెలుగు కామెడీ ట్రాకు ఎన్నో ఏళ్ళుగా చెయ్యని పని ఇది.

తర్వాత ఫ్రెంచి మూలం కూడా చూశాను. మనవాళ్ళు మార్చినవాటిలో కొన్ని నాకు నచ్చాయి. తల్లి దగ్గర కార్తి, ఒమర్ సీ కన్నా మన ఇంటివాడు. మూలం రెండు గంటలు కూడా లేదు, నా లెక్కలో పది రీళ్ళు. మనది రెండున్నర గంటలు దాటింది, పద్నాలుగు రీళ్ళు. ఎక్కువైన నాలుగింట్లో తమన్నా ప్రేమ, పాటలు. మేనేజరు వచ్చి లేపెయ్యమంటే అవే లేపొచ్చు, కథకి నష్టం లేదు. కానీ మా క్యాంపు కుర్రాళ్ళు ఆ పాటలకే కుర్చీల్లోంచి లేచి ఈలలేశారు. నేనైతే లేపను.